గొడుగిచ్చి తెచ్చుకున్న కత్తి

పర్లాకిమిడిలో కొమ్ము పనివారి వీధి మలుపు తిరగగానే మనిషిని ముందుగా పలకరించేది వాసన. గేదె కొమ్మును సెగ మీద కాచి, మెత్తబడ్డాక బద్దల మధ్య బిగించి వంపు తీసేటప్పుడు వెంట్రుక కాలినట్టు ఘాటైన వాసన లేస్తుంది. కొత్తవారు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. మొన్న కార్తీకంలో, ఇంటి వాటాలు తేలాక నా వంతుకు వచ్చిన కత్తిని పాత పంచెలో చుట్టుకుని ఆ వీధిలోకి వెళ్ళినప్పుడు, చాలా ఏళ్ళ కిందట మా నాన్న వెనుక ఇదే కత్తిని మోసుకుంటూ ఇదే వాసనలోకి నడిచిన రోజు నా కళ్ళ ముందుకు వచ్చింది. అప్పుడు పిడి లేక వెళ్ళాము. ఇప్పుడు ఆనాడు వేయించిన పిడి పగిలి వెళ్ళాను.

ఆ కత్తిని చూసినవారెవరూ దాన్ని మామూలు కత్తి అనలేదు. పొడవు మూరెడుకు కాస్త ఎక్కువ ఉంటుంది. పిడి దగ్గర రెండు వేళ్ళ వెడల్పుతో మొదలైన అలుగు, ముందుకు వెళ్ళేకొద్దీ విప్పారి నాలుగు వేళ్ళకు చేరి, అక్కడ మొన అన్నదే లేకుండా పలక అంచులాగా అడ్డంగా తెగిపోయినట్టు ఆగిపోతుంది. వాదర ఒకవైపే ఉంటుంది. పిడికీ అలుగుకూ మధ్య చేతికి అడ్డుగా నిలిచే బిళ్ళ లేదు. మొన లేని కత్తి దేనికి పనికివస్తుందని చిన్నప్పుడు నేను అడిగితే, పొడవడానికి తప్ప అన్నింటికీ పనికివస్తుందని మా తాత చెప్పాడు.

తాత రంగం వెళ్ళి వచ్చిన మనిషి. మా వైపు రంగూన్ అనేవారు తక్కువ; అందరికీ అది రంగమే. గోపాల్‌పూర్ రేవులోనో కళింగపట్నంలోనో ఓడ ఎక్కి అక్కడి బియ్యపు మిల్లులకూ రేవు పనులకూ వెళ్ళినవారు మా పక్క ప్రతి వీధిలోనూ ఉండేవారు. తాత మాత్రం మిల్లులో నిలవకుండా రైలు పట్టాల పనికి కుదిరి, ఉత్తరంగా చాలా దూరం పోయి, మొగాంగ్ అనే ఊళ్ళో గ్యాంగులో పని చేశాడు. అతను ఆ ఊరిని మొగాం అనేవాడు. వెళ్ళేటప్పుడు మా ఊరు మద్రాసు రాజధానిలో ఉంది, బర్మా ఇండియాలో భాగంగా ఉంది. 1936లో మా ఊరు ఒడిశాలోకి వెళ్ళింది, ఆ మరుసటి ఏడు బర్మా వేరుపడింది. మనిషి పట్టాల పక్కన గుడిసెలో ఉండగానే అతని రెండు చిరునామాలూ మారిపోయాయి. తిరిగి వచ్చాక మళ్ళీ రైలు పనిలోనే, నౌపడా నుంచి మా ఊరి మీదుగా గుణుపురం వెళ్ళే బుల్లి బండి పట్టాల మీద గ్యాంగుమనిషిగా చేరాడు. 1900లో మా ఊరికి వచ్చిన ఆ సన్న పట్టాల లైను 2004 వరకు నడిచింది. పొద్దున్నే దాని కూత వినిపించగానే నాన్నమ్మ పొయ్యి రాజేసేది. ఇప్పుడు పెద్ద పట్టాల మీద పెద్ద రైలు వస్తుంది గాని, దాని కూతకు పొయ్యి రాజేసేవారు ఎవరూ లేరు.

తాత ఆ కత్తిని కత్తి అనేవాడు కాదు, దా అనేవాడు. పెరట్లో వెదురు చీలుస్తూ మధ్యలో తల ఎత్తి "దా!" అని కేక వేస్తే, దగ్గరగా ఉన్న మనవడో మనవరాలో వట్టి చేతులతో పరుగెత్తి వెళ్ళి ఎదురుగా నిలబడేవారు. "నిన్ను కాదురా గుంటడా, దాన్ని" అని నవ్వేవాడు. అది మా ఇంట్లో ఎంత పాతబడిన వేడుకంటే, తెలిసిన తరువాత కూడా మేము కావాలనే వట్టి చేతులతో వెళ్ళేవాళ్ళం.

దసరాకు ఆయుధపూజ నాడు ఆ కత్తి పీట మీదికి వచ్చేది. తాత పట్టాల సుత్తి, పెద్ద స్పానరు, నాన్న కలం, మా అత్త కుట్టుమిషను, మా పుస్తకాలు, వాటి మధ్య ఈ కత్తి. ముందు రోజు ఇటుక పొడితో తోమి, బూడిదతో తుడిచి, నువ్వుల నూనె పట్టించేవారు. బొట్టు పెట్టేటప్పుడు మాత్రం ఎక్కడ పెట్టాలో నాన్నమ్మకు ఏటేటా సందేహమే, కొన ఏదో తెలియని కత్తి కాబట్టి.

ఆ పూజకు వచ్చిన ఇరుగుపొరుగువారు తలో మాట చెప్పేవారు. రాజుగారి ఆయుధశాలది అని ఒకరు, తలారి చేతి కత్తి అని ఒకరు, దేవి గుడిలో బలికి వాడేది అని ఇంకొకరు. కొండల్లో ఉండే సవరలదని కూడా ఒక మాట వచ్చింది గాని, వారం వారం సంతకు దిగే సవరల భుజాన గొడ్డలి చూసిన మాకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. మా పక్కింటి ఒరియా మాస్టారికి ఆకారంతో పని లేదు, పేరుతోనే తేల్చేశారు. ఒరియాలో కొడవలిని దాఆ అంటారు కాబట్టి మీ తాత సంతలో కొన్న కొడవలే ఏదో సాగి ఇలా అయి ఉంటుందన్నారు. నిజానికి ఆయన మాటలో సగం సత్యం ఉందని నాకు చాలా కాలం తరువాత అర్థమైంది. బెంగాలీలో దా, అస్సామీలో దా, బర్మా భాషలోనూ దా. గోపాల్‌పూర్ నుంచి రంగం దాకా సముద్రం చుట్టూ ఉన్న ప్రతి ఊళ్ళోనూ కోసేదానికి ఇంచుమించు అదే పేరు. పేరును పట్టుకుని పుట్టిన ఊరు వెతకబోతే సగం ఆసియా తిరగవలసి వస్తుంది.

కత్తితో పాటు వచ్చిన మరి రెండు వస్తువులు అటక మీద ఉండేవి. ఒకటి ఒర. అది సగం ఒర అని మా అందరి నమ్మకం. ఒకే చెక్కను పడవలాగా తొలిచి, పైన మూత లేకుండా వదిలేసి, అక్కడక్కడా తీగ చుట్లు వేశారు. రెండో చెక్క దారిలో ఎక్కడో పోయి ఉంటుందని అనుకుని, విరిగిన వస్తువు మీద ఎవరికీ పట్టింపు లేదు గనుక, వేసవిలో దాన్ని మహేంద్రతనయకు పట్టుకెళ్ళి నీళ్ళలో పడవలాగా వదిలేవాళ్ళం. బాగా తేలేది. రెండోది పేము చుట్ట. బారెడు వెడల్పు లేదు గాని మనిషి తల, ఒక భుజం దూరేంత ఉంటుంది. దాన్ని పుల్లతో కొట్టుకుంటూ రథవీధి పొడవునా దొర్లించిన ఘనత నాది. ఒక వర్షాకాలం అది నానిపోయి విడిపోతే నాన్నమ్మ పొయ్యిలో పెట్టేసింది.

ఆవకాయ సంగతి చెప్పకపోతే ఈ కత్తి కథ సగమే. ఒక ఏడు మామిడికాయలు కొట్టే కత్తి పిడి ఊడిపోయి, కాయలు బుట్టల్లో పసుపెక్కిపోతున్నాయని నాన్నమ్మ గాభరా పడుతుంటే, తాత అటక ఎక్కి దాను దింపి ఆమె చేతికి ఇచ్చాడు. పూజలో పెట్టేదానితో కాయలు కొట్టడమేమిటని ఆమె వద్దంటే, అక్కడివాళ్ళు దీనితోనే అడవి నరుకుతారు, ఇల్లు కడతారు, మాంసం కోస్తారు, ఆవకాయ ఒక లెక్కా అన్నాడు. టెంకతో సహా ఒకే దెబ్బకు కాయ రెండయ్యేది. సాయంత్రానికి రెండు జాడీలకు సరిపడా ముక్కలు అయ్యాయి. పులుపుకు అలుగంతా నల్లబడింది.

కడగడానికి గాబు దగ్గర కూర్చున్నది నేనే. నల్లదనం ఒకే రకంగా లేదు. తేరిపార చూస్తే, టేకు చెక్కలో కనిపించే చారల వంటి సన్నని గీతలు పిడి దగ్గర మొదలై అలుగు పొడవునా సాగి, కొనకు ఇంకా జానెడు దూరం ఉండగా ఒకదాని వెనుక ఒకటి గుండ్రంగా తిరిగి మళ్ళీ పిడి వైపే వెనక్కి వచ్చాయి. ఆడవారు జడలో గుచ్చుకునే పిన్ను వంపు లాగా ఉంది. నాన్నమ్మను పిలిచి చూపించాను. ఆమె తడి చేత్తో తడిమి, "ఇనుముకి ఎవులో జడేసినారు" అన్నది. ఇనుప పొరలను కలిపి కాచి, మడిచి, మళ్ళీ కొట్టి ఒకటి చేస్తే ఆ మడత అలా కనిపిస్తుందని, మామిడి పులుపు పొరల తేడాను బయట పెట్టిందని ఆ రోజు మాకెవరికీ తెలియదు. ఇటుక పొడితో రుద్ది రుద్ది చెరిపేశాను. ఇప్పుడు తలుచుకుంటే చేతులు పీకుతాయి.

తాత ఎలా తిరిగి వచ్చాడో తాత చెప్పేవాడు కాదు. చెప్పింది నాన్నమ్మే, అదీ ఒక్క సంఘటన. 1942 మార్చిలో రంగం జపాను చేతికి చిక్కిందని, మే నెలకు ఆ పై ఊళ్ళు కూడా పోయాయని ఇక్కడ చెప్పుకుంటున్నారు. నెలల తరబడి కబురు లేదు. వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక కార్డు వచ్చింది. నాన్నమ్మకు చదువు రాదు. తపాలా బంట్రోతే వాకిట్లో నిలబడి, కార్డు తిప్పి, పై మూల రాసి ఉన్న ఊరి పేరుతో చదవడం మొదలుపెట్టాడు: "లేడో..."

ఆమెకు ఆ తరువాతి మాటలేవీ వినిపించలేదు. కూలబడిపోయి ఏడుపు మొదలుపెట్టింది. వీధి వీధంతా పోగయింది. అది ఊరి పేరు తల్లీ, అస్సాంలో ఊరు, మీ ఆయన అక్కడ అన్నం తింటున్నాడట అని ఆ బంట్రోతు నాలుగుసార్లు చదివి వినిపించేదాకా ఆమె లేవలేదట. ఆమె ఈ కథను ఎప్పుడు చెప్పినా నవ్వుతూనే చెప్పేది. తాత మాత్రం ఆ కథ మొదలవగానే బీడీ పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

కత్తి గురించి అతను చెప్పింది ఒకే ఒక్క ముక్క: గొడుగిచ్చి తీసుకున్నాను. దాని మీద నాన్నమ్మ ఆటపట్టింపు బతికినంత కాలం సాగింది. జోరు వానలో గొడుగిచ్చేసి కత్తి తెచ్చుకున్న మహానుభావుడు అనేది. మే నుంచి వానాకాలమంతా ఆ అడవి దారిలో నడిచినవారికి గొడుగు దేనికీ ఆగదనీ, పడుకోవడానికి నాలుగు కొమ్మలు నరుక్కునే కత్తి ఉన్నవాడు మరునాటికి లేచి నడుస్తాడనీ ఆమెకు తెలియదని నేను అనుకోను.

తాత పోయిన కొన్నేళ్ళకు చెక్క పిడిని చెద తినేసింది. నాన్న దాన్ని కొమ్ము వీధికి తీసుకువెళ్ళాడు. పనివాడు పాత పిడి ముక్కలను ఊడదీస్తే లోపలి నుంచి నల్లటి జిగురు పెళ్ళలు రాలాయి. అతను ఒకదాన్ని నలిపి వాసన చూసి, లక్క కాదు బాబూ, ఏదో చెట్టు బంక అన్నాడు. పిడిలోకి దూరే ఇనుప తోక చాలా పొట్టిగా ఉంది. అతను గేదె కొమ్ముతో పిడి చేసి, తనకు అలవాటైన పని కాబట్టి, చివర కొంగ ముక్కులాగా వంపు తిప్పాడు. ఎంతో అందంగా ఉంది. ఆ అందమే తరువాత అందరినీ తప్పుదోవ పట్టించింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పెద్ద నగరంలో పాత వస్తువులు అమ్మే ఆసామికి దాన్ని చూపించాను. అతను అలుగు వైపు చూడనైనా చూడకుండా పిడిని అటూ ఇటూ తిప్పి, కొమ్ము పిడి, పక్షి ముక్కు, కొడగు కత్తి, సందేహం లేదన్నాడు. ఇంకొక వారం తిరిగాక కాదు, నేపాలు కోరా అన్నాడు. ధర మాత్రం రెండుసార్లూ ఒకటే చెప్పాడు. అతని మీద కోపం వచ్చిన మాట నిజమే గాని, ఆ కోపమే నన్ను నాలుగు కత్తులు చూసేలా చేసింది. కొడగువారి ఆయుధ కత్తి ముందుకు వంగి, వాదర ఆ వంపు లోపలి వైపు ఉంటుంది. దానికి ఒర ఉండదు, నడుం వెనుక ఇత్తడి కొక్కేనికి తగిలించుకుంటారు. నేపాలు కోరా కూడా కొనకు విప్పారుతుంది గాని, అదీ వంపు కత్తే, వాదర లోపలే. బెంగాలులో బలికి వాడే రామ్‌దావ్ అయితే భారీగా ఉండి, అలుగు మీద చాలాసార్లు కన్ను చెక్కి ఉంటుంది. మాది తిన్నని కత్తి, కన్ను లేదు, కొక్కెం లేదు. పిడిని మరచిపోయి చూడటం నేర్చుకోవడానికి నాకు అన్నాళ్ళు పట్టింది.

బదిలీ మీద ఎగువ అస్సాంలోని మార్ఘెరిటాకు వెళ్ళవలసి వచ్చినప్పుడు ఇంట్లో అందరూ బాధపడ్డారు. తేయాకు తోటలు, బొగ్గు గనులు, ఆగని వాన. పక్క స్టేషను పేరు చూసి నేను ప్లాట్‌ఫారం మీద చాలా సేపు నిలబడిపోయాను. పసుపు పలక మీద నల్లని అక్షరాలతో లేడో అని ఉంది. నాన్నమ్మ అప్పటికే లేదు.

అక్కడి సంతలో ఒక ఆదివారం నేను చేపల కోసం వంగి లేచేసరికి, ఎదురుగా ఒక ముసలాయన భుజం మీదుగా అడ్డంగా పేము చుట్ట కనిపించింది. ముందు కనిపించింది కత్తి కాదు, చుట్టే. రథవీధిలో నేను పుల్లతో కొట్టుకుంటూ దొర్లించిన చుట్ట అది. ఆ తరువాత దానికి వేలాడుతున్న ఒర కనిపించింది. ఒకవైపు చెక్క, ఇంకొకవైపు ఖాళీ, మధ్యలో చుట్లు. లోపల మొన లేని అలుగు ఎండకు మెరుస్తోంది. చేపల సంచి అక్కడే వదిలేసి ఆయన వెంట పడ్డాను. నా తోటి ఉద్యోగి అస్సామీలో అడిగి పెట్టాడు. ఆయన సింగ్‌ఫో తెగ మనిషి. ఒర సగం విరిగిందా అని నేను అడిగించిన ప్రశ్నకు ఆయన నా వైపు జాలిగా చూసి, కత్తి తీసి, ఒరను ఏటవాలుగా వంచి, వాన నీరు జారిపోయేటట్టు చేత్తో చూపించాడు. మూసి ఉంటే ఇనుము లోపలే తుప్పు పడుతుందట. మేము నదిలో పడవ చేసి ఆడుకున్న వస్తువు పుట్టడమే అలా పుట్టింది, దానికి రెండో చెక్క ఎన్నడూ లేదు.

అయినా ఆ రోజే తేల్చుకోలేదు. అదే సంతకు నాగా కత్తులూ వచ్చేవి, అవీ కొనకు విప్పారినవే, అవీ దావ్‌లే, అంటే దాలే. నేను చూసిన నాగా కత్తులు పొట్టిగా, బరువుగా ఉండి, ఉలి లాగా ఒక ముఖం చదునుగా ఉండి రెండో ముఖానే ఏటవాలు పట్టి ఉన్నాయి. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు అటక ఎక్కి, మా కత్తి వాదరకు రెండు వైపులా బొటనవేలు జార్చి చూశాను. రెండు వైపులా సమానంగా ఏటవాలు. తరువాత నిమ్మచెక్కతో ఒక జానెడు మేర రుద్ది ఆరబెట్టాను. ఇటుక పొడి పూర్తిగా చెరపలేకపోయిన గీతలు ఒక్కొక్కటే పైకి వచ్చి, కొన దగ్గర వెనక్కి తిరిగాయి. ఆ మడతను నేను తరువాత చూసిన, ఉత్తర బర్మా కొండల్లోని కచిన్‌ల కత్తుల్లో చాలా వాటిలో చూశాను.

సింగ్‌ఫోలూ కచిన్‌లలో జింగ్‌ఫో మాట్లాడేవారూ ఒకే మూలం వారు. కొండకు ఇటు అస్సాంలో ఒక పేరు, అటు బర్మాలో ఇంకొక పేరు. వారి మనావ్ పండుగలో మగవారు ఇటువంటి కత్తులు పట్టుకునే నాట్యం చేస్తారు. సరిహద్దు మీద పాంగ్సావ్ కనుమ ఉంది. మొగాంగ్ నుంచి హుకాంగ్ లోయలో పడి, షింబ్వియాంగ్ దాటి, ఆ కనుమ ఎక్కి దిగితే లేడో. 200 మైళ్ళకు పైబడిన దారి. 1942 వానల్లో వేలమంది మనవాళ్ళు ఆ దారిన నడిచారు, జ్వరాలకూ ఆకలికీ బురదకూ ఎంతోమంది దారిలోనే ఉండిపోయారు. లేడో వైపు తేయాకు తోటలవారు శిబిరాలు పెట్టి అన్నం వండి పెట్టారు. గొడుగు ఏ మజిలీలో చేతులు మారిందో తాతతోనే పోయింది. కాని లేడో చేరాక కొమ్మలు నరుక్కునే అవసరం అతనికి లేదు. గొడుగు అక్కరకు వచ్చేదీ ఇళ్ళున్న చోటే. కాబట్టి కత్తి కనుమకు అవతలిదే, హుకాంగ్ లోయదే అని నేను నిశ్చయించుకున్నాను.

మొన్న కార్తీకంలో కొమ్ము వీధిలో నేను వెతికిన పనివాడు లేడు, అతని కొడుకు ఉన్నాడు. నెరసిన జుట్టు, తండ్రి కూర్చున్న చోటే కూర్చున్నాడు. పగిలిన పిడి చూడగానే, మా నాన్న చేతి కొంగే ఇది అన్నాడు. అసలు దీనికి చెక్క పిడి ఉండాలని, ఈ కత్తి ఫలానా చోటిదని, బర్మా అని, కచిన్‌లని నేను చాలా సేపు చెప్పాను. కొమ్మును సెగ మీద తిప్పుతూ అతను అంతా ఓపికగా విన్నాడు.

"అయితే చెక్క వెయ్యమంటారా బాబూ, కొమ్మేనా?"

కొంచెం ఆలోచించి కొమ్మే వెయ్యమన్నాను. కొంగ ముక్కు కూడా పెట్టమన్నాను.

కత్తి అక్కడే వదిలి రావాలి కాబట్టి రసీదు అడిగాను. అతను చేతులు తుడుచుకుని, చిన్న కాగితం చింపి, ఒరియాలో ఒక ముక్క రాసి ఇచ్చాడు. వీధి మలుపు దాకా వచ్చాక కళ్ళజోడు పెట్టుకుని చదివాను: దాఆ, 1.